గాలి పాలెంత? పెట్రోలు పాలెంత?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు. ఈ మూడూర్ల షెడ్లల్ల నా బతుకు గడిచింది. ఒకప్పుడు మూడూ మహబూబ్‌నగర్ జిల్లాల ఉండె. 2016 అక్టోబర్ 11 నుంచి మూడు ఊర్లు మూడు జిల్లాలకు కేంద్రాలైనయి. ఊర్లు మారినయి, బండ్లు మారినయి, బండి లోపట గాలిని పెట్రోలును కలిపే తీరు మారింది. నేను ఆ కలిపే పని చేసెటోన్ని. దాని గురించే రాస్తున్న.

దళితులు తమ బతుకు రాసుకుంటే ఆకలి ఉంటది, వెట్టి ఉంటది, ఊరవతలి గుడిసె ఉంటది. అవన్నీ నాకూ ఉన్నయి. అయితే నేను రాసేది నా కష్టం గురించి కాదు, నా విద్య గురించి. మా దగ్గర విద్య ఉండె. దాన్ని ఎవ్వరూ విద్య అనలేదు. నా పేచీ అంతా ఆ ఒక్క మాట కాడనే.

మా ఇంట్ల గాలితోని పని చేసిన మొదటి మనిషిని నేను కాదు, మా నాయిన. ఆయనకు ఇంజను అంటే తెలువదు. మాదిగ పని తెలుసు. లందల తోలు నానబెట్టుడు, తంగెడు చెక్క నీళ్లల్ల ఊరబెట్టుడు, ఆముదం పట్టించుడు, ఆరెతోని బొక్క పొడిచి వారుతోని కుట్టుడు. చెప్పులు, మోటబొక్కెన, ఎడ్ల పట్టెడలు, డప్పు కుట్టేటోడు. కొలిమికి తిత్తులు కుట్టేటోడు. తిత్తి కుట్టుడంటే మోటబొక్కెన కుట్టినట్టు కాదు. బొక్కెనల నీళ్లు జర కారినా నడుస్తది. తిత్తిల గాలి కారితే కొలిమే లేదు. కుట్టినంక నాయిన తిత్తిని ఒత్తి చెవి దగ్గర పెట్టుకునేటోడు. ఎక్కడ "సుయ్" మంటదో అక్కడ మళ్లీ కుట్టు.

కొలిమి కాడ నేను చిన్నప్పుడే ఒక సంగతి చూసిన. గాలి తక్కువైతే బొగ్గు పొగలేస్తది, ఇనుము ఎర్రగ కాదు. గాలి ఎక్కువైతే బొగ్గు ఉత్తగనే కాలిపోతది, ఇనుము మీద పెచ్చులు లేస్తయి. నిప్పు రంగు చూసి గాలి పాలెంతో చెప్పొచ్చు. ఈ మాట నాకు చెప్పినోడు మా నాయిన. కాని కొలిమి గద్దె మీద కాలు పెట్టే హక్కు ఆయనకు లేకుండె. ఆయన కుట్టిచ్చిన తిత్తిని నీళ్లు చల్లుకోని లోపటికి తీస్కపోతుండ్రి. కల్లం కాడ ఇన్ని జొన్నలు కొలిచేటోళ్లు. తిత్తికి గాలి ఎట్ల నిలుస్తదో తెలిసిన మనిషికి దక్కింది గంతే.

ఏడో తరగతి కాడ సదువు ఆగిపోయింది. 1982ల గద్వాలల ఒక షెడ్డుల చేరిన. ఉస్తాద్ తురకాయన. నా కులం అడగలె. చేతులు చూపియ్యమన్నడు. చూసి, "చర్మం మందంగ ఉంది, పానాలకు పనికొస్తది" అన్నడు. అప్పుడు జూరాల కడుతున్న కాలం. సర్కారు జీపులు, పాత పెట్రోలు జీపులు, పెండ్లిండ్లకు తిరిగే అంబాసిడర్లు షెడ్డు ముందల ఆగి ఉండేటివి. నాకు మొదటి పని పెట్రోలుతోని కార్బురేటర్ కడుగుడు. మేం కార్బేటర్ అంటుంటిమి.

సదువుకునే తమ్ముళ్లకు, చెల్లెండ్లకు ఇది జర వివరంగ చెప్త. పెట్రోలు నీళ్ల లెక్క ఉన్నప్పుడు ఇంజన్ల పనికిరాదు. ఆవిరై గాలిల కలవాలె. 1 గ్రాము పెట్రోలు నిండుగ కాలాలంటే 14.7 గ్రాముల గాలి కావాలె. అంటే 1 లీటరు పెట్రోలుకు దగ్గర దగ్గర 9,000 లీటర్ల గాలి. బండి పెట్రోలు తాగుతదని అంటం గాని, అది ఎక్కువ మింగేది గాలినే. కార్బురేటర్ల గాలి పోయే తొవ్వ నడుమ సన్నగ ఉంటది. సందు సన్నగైన కాడ గాలి జోరుగ ఉరుకుతది. ఉరికిన కాడ ఒత్తిడి తగ్గుతది. ఆ తగ్గుదలకు పక్కనున్న చిన్న బొక్కల నుంచి పెట్రోలు పైకొచ్చి గాలిల తుంపర్లై కలుస్తది. ఆ చిన్న బొక్కనే జెట్ అంటరు. ఎవ్వరూ పంపు కొట్టరు. గాలే పెట్రోలును గుంజుకుంటది.

14.7కు 1 అనేది నిండుగ కాలే లెక్క. పెట్రోలు పాలు పెరిగి 12, 13 కాడికొస్తే బండికి బలం వస్తది. గాలి పాలు పెరిగి 16 కాడికి పోతే మైలేజి వస్తది. అది కూడ దాటితే ఇంజను దగ్గుతది, వేడెక్కుతది, వాల్వులు కాలుతయి. పెట్రోలు ఎక్కువున్న మిక్చర్‌ను ఇంగ్లీషుల రిచ్ అంటరు, తక్కువున్న దాన్ని లీన్ అంటరు. రిచ్ అంటే ఉన్నోడు, లీన్ అంటే బక్కోడు. ఈ పేర్లు పెట్టినోడు ఎవడో గని బాగనే పెట్టిండు. ఉన్నోడు సగం కాల్చకుండనే నల్లపొగ చేసి పక్కోని మొకం మీద ఇడుస్తడు. బక్కోడు ఉన్నదంత కాల్చి ఒళ్లు కాల్చుకుంటడు.

దీన్ని ఎట్ల పట్టుకోవాలెనో ఉస్తాద్ నేర్పిండు. ముందు ఇంజను బాగ వేడి కావాలె. సల్లని ఇంజను అబద్ధం చెప్తది. సైలెన్సర్ కాడ కాయితం ముక్క పట్టుకుంటే అది ఒక్క తీరుగ కొట్టుకోవాలె. నడుమ నడుమ లోపటికి గుంజినట్టైతే ఒక సిలిండర్ సరిగ్గ కాలుతలేదు. కండ్లు మండితే పెట్రోలు ఎక్కువ. ప్లగ్గు ఇప్పి చూస్తే మూతి కాఫీ రంగుల ఉండాలె. మసి పట్టి నల్లగ ఉంటే పెట్రోలు ఎక్కువ, సున్నం లెక్క తెల్లగ ఉంటే గాలి ఎక్కువ. నిప్పు రంగు చూసి గాలి చెప్పుడు నాకు కొత్త కాదు. మా నాయిన కొలిమి కాడ చెప్పింది ఇదే.

అంబాసిడర్ 1489 సి.సి. ఇంజను మీద ఎస్.యు. కార్బురేటర్ వస్తుండె. దాని లోపట ఒక పిస్టన్, పిస్టన్ కింద కొన సన్నగ చెక్కిన సూది. గాలి ఎక్కువ గుంజితే పిస్టన్ లేస్తది, సూది లేస్తది, జెట్ నోరు తెరుసుకుంటది. దీన్ని సరి చేసే పద్ధతి వినుండ్రి. పక్కన చిన్న పిన్ను ఉంటది. దాన్ని ఏలుతోని పైకి నెడితే పిస్టన్ జరంత లేస్తది. అంగుళంల ముప్పై రెండో వంతు. మిల్లీమీటరు కూడ కాదు. అప్పుడు ఇంజను స్పీడు పెరిగి అట్లనే నిలిస్తే పెట్రోలు ఎక్కువ. స్పీడు పడిపోయి ఆగవట్టిందంటే గాలి ఎక్కువ. జరంత పెరిగి మళ్లీ మామూలుకు వస్తే సరిగ్గ ఉన్నట్టు. జెట్ కింద ఆరు మూలల నట్టు ఉంటది. కిందికి తిప్పితే పెట్రోలు పెరుగుతది, పైకి తిప్పితే తగ్గుతది. ఒక్క సారికి ఒక్క మూల తిప్పాలె, మళ్లీ పిన్ను నెట్టాలె, మళ్లీ వినాలె.

తమ్ముళ్లారా, దీన్ని మీ కాలేజీల ఏమంటరు? ఒక్కటి మార్చి, తక్కినయి మార్చకుండ ఉంచి, ఏమైతదో చూసి, మళ్లీ మార్చుడు. మీరు ప్రయోగం అంటరు. మేం చేస్తే "వానికి చేతి అలవాటు" అన్నరు.

చాలా ఏండ్లకు ఎస్.యు. అంటే ఏందో చదివిన. స్కిన్నర్స్ యూనియన్. ఇంగ్లండుల జార్జ్ హెర్బర్ట్ స్కిన్నర్, ఆయన తమ్ముడు 1900ల మొదట్ల దీన్ని తయారు చేసిన్రు. వాళ్లింటిది చెప్పుల వ్యాపారం. లిలీ అండ్ స్కిన్నర్ అని పేరున్న దుకాణం. మొదటి ఎస్.యు. కార్బురేటర్ల గాలికి లేసి దిగేది లోహపు పిస్టన్ కాదు, తోలు తిత్తి! ఆ పేజీ చదివి పుస్తకం మూసి సేపు కూసున్న. స్కిన్నర్లు చెప్పులు కుట్టే పేదోళ్లు కాదు, చెప్పుల కొట్ల ఆసాములు. ఆ తేడా నాకు తెలుసు. అయినా ఒక సంగతి మిగులుతది. అక్కడ చెప్పుల ఇంటి మనిషి తోలు తిత్తితోని గాలిని కొలిస్తే పేటెంటు వచ్చింది, కంపెనీ వచ్చింది, ఇంటి పేరు కార్బురేటర్‌కు ఎక్కి ప్రపంచమంత తిరిగి గద్వాల దాంక వచ్చింది. ఇక్కడ తిత్తి కుట్టినోని పేరు కొలిమి గద్దె మెట్టు కూడ ఎక్కలె.

పాలమూరు ఎండకు ఇంజను తీరు వేరే ఉంటది. మే నెలల ఎండ 42, 43 డిగ్రీలు దాటితే పెట్రోలు పైపులనే ఆవిరైతది. పంపుకు పెట్రోలు అందదు. ఆత్మకూరు తొవ్వల నడి ఎండల బండి ఆగితే పంపు మీద తడిగుడ్డ కప్పి కూసునేటోళ్లం. వేడి గాలి పలుచగ ఉంటది కాబట్టి చలికాలంల సరి చేసిన మిక్చర్ ఎండకాలానికి పెట్రోలు ఎక్కువైతది. ఎర్రదుమ్ము గాలి ఫిల్టర్‌ను మూస్తది, అప్పుడు పెట్రోలు పాలు ఇంకా పెరుగుతది. పెట్రోలుల కిరసనాయిలు కలిపినోని పాపం ప్లగ్గు మీద కనిపిస్తది. ఇవన్నీ కార్బురేటర్‌కు తెలువవు. ఒకసారి తిప్పిన స్క్రూ అట్లనే ఉంటది. ఎండకు వానకు మనిషి పోయి మళ్లీ తిప్పాలె. ఆ మనిషి మేం.

టాక్సీ ఆసామికి మైలేజి కావాలె. "ఇంకో అర చుట్టు తగ్గియ్యిరా" అంటడు. తగ్గిస్తే వాల్వులు కాలుతయని చెప్తే, "నువ్వు నాకు చెప్పెటోనివా" అంటడు. ఈ మాట అన్ని కులాల మెకానిక్కులూ పడ్డరు. మాకు మాత్రం ఇంకోటి కలిసేది. ఒక పెద్దమనిషి అంబాసిడర్‌ను సరి చేసి ట్రయలుకు పోవాల్నంటే సీటు మీద గోనెసంచి పరిపిచ్చేటోడు. మసి బట్టలు గద అనుకుంటరేమో. అదే షెడ్డుల వేరే కులపు పోరడు అదే మసి బట్టలతోని అదే సీటు మీద కూసుంటే సంచి అడగలె. హోటల్ల మాకు వేరే గ్లాసు. పానా పట్టిన చెయ్యి బానెట్ కింద ఎంత దూరమైన పోవచ్చు, గ్లాసు దాంక మాత్రం పోవద్దు. బండి సాఫుగ నడిస్తే ఆయనే, "నీ చేతుల ఏదో ఉందిరా" అనేటోడు. నా చేతుల ఏమీ లేదు. ఉన్నది నా తలకాయల. అది ఒప్పుకుంటే సంచి తియ్యాల్సి వస్తది. అందుకే చేతుల ఉందన్నడు.

1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిల మాదిగ దండోర మొదలైంది. డప్పు మా దాంక వినబడింది. అప్పటికి వనపర్తిల నా సొంత షెడ్డు పడ్డది. రేకు బోర్డు మీద నా పేరు పక్కన మాదిగ అని రాయించిన. నలుగురైదుగురు గిరాకీలు రాకుండ పోయిన్రు. పోనీ అన్న. ఒక నెల తర్వాత వాళ్లల్ల ఇద్దరు మళ్లొచ్చిన్రు. మిక్చర్ ఎవ్వరూ సరి చెయ్యలేకపోయిన్రంట. ఈసారి సీటు మీద సంచి పరుస్తే నేను బండి ఎక్కలె. సంచి తీసినంకనే ఎక్కిన.

ఇప్పుడు కార్బురేటర్ పోయిందని ఏడ్చేటోళ్లున్నరు. ఆ శబ్దం, ఆ వాసన, ఆ చెవి విద్య అని పొగుడుతరు. నేను ఏడవను. ఎందుకో చెప్త.

ఆ వాసన మా ఊపిరితిత్తులల్లకు పోయింది. ట్యాంకు నుంచి పెట్రోలు తియ్యాల్నంటే పైపు నోట్ల పెట్టుకోని గుంజేటోళ్లం. ఒక గుక్క కడుపులకు పోయేది. చేతులు పెట్రోలుతోని కడిగేటోళ్లం. అప్పటి పెట్రోలుల సీసం ఉండె. ఇంజను టకటక కొట్టకుండ కలిపిన టెట్రా ఇథైల్ లెడ్. అది తోలు నుంచి కూడ ఒంట్లకు పోతది, నరాలను పట్టుకుంటది. వానకాలం షెడ్డు తలుపు మూసి మిక్చర్ సరి చేస్తే తలకాయ పగిలేటిది. అది కార్బన్ మోనాక్సైడ్. పెట్రోలు పాలు ఎక్కువున్నప్పుడు సగం కాలి వచ్చే విషం. చెవి విద్య అని పొగిడేటోళ్లు ఆ చెవి పక్కన ముక్కు కూడ ఉంటదని మర్చిపోతరు. కొలవడానికి మిషను లేని కాడ మా ఒళ్లే మిషను.

సీసం పోయిన కథ కూడ వినాలె. 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాలల్ల కొత్త పెట్రోలు కార్లకు సైలెన్సర్ తొవ్వల కెటలిటిక్ కన్వర్టర్ పెట్టాలన్నరు. సీసం తగిలితే ఆ కన్వర్టర్ సచ్చిపోతది. అందుకని ఆ కార్లకు సీసం లేని పెట్రోలు తెచ్చిన్రు. దేశమంత సీసం బందైంది 2000 ఫిబ్రవరి 1న. మనుషుల ఆరోగ్యమూ కారణమే, కాదనను. కాని వేల మంది మెకానిక్కులు నోటితోని గుంజినన్ని రోజులు ఉన్న సీసం, కన్వర్టర్ నోట్ల పడొద్దన్నంక కదిలింది.

ఆ కన్వర్టర్‌తోనే కార్బురేటర్ రోజులు తీరినయి. కన్వర్టర్ సరిగ్గ పని చెయ్యాల్నంటే మిక్చర్ 14.7 కాడనే ఉండాలె. అటు ఇటు పోవద్దు. ఎండకు వానకు మారే స్క్రూతోని అది కాదు. 1999 ఏప్రిల్ 29న సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతంల కొత్త కార్లకు యూరో-1, యూరో-2 నియమాలకు తేదీలు పెట్టింది. 2000 ఏప్రిల్ 1 నుంచి యూరో-1 లెక్క నియమాలు దేశమంత వచ్చినయి. అప్పుడే మారుతీ 800 కూడ ఎం.పి.ఎఫ్.ఐ. అయింది. అంటే ఒక్కో సిలిండర్‌కు ఒక్కో ఇంజెక్టర్.

ఇంజెక్షన్ల గాలి పెట్రోలును గుంజదు. పంపు ఒత్తి పెడుతది, ఇంజెక్టర్ నోరు తెరిస్తె చిమ్ముతది. ఎంత సేపు తెరవాలెనో ఇ.సి.యు. అనే చిన్న కంప్యూటర్ చెప్తది. ఐడ్లింగుల రెండు మూడు మిల్లీసెకన్లు. గాలి ఎంత వస్తుందో, ఎంత వేడిగ ఉందో, యాక్సిలేటర్ ఎంత తొక్కిన్రో సెన్సర్లు చెప్తయి. సైలెన్సర్ తొవ్వల ఆక్సిజన్ సెన్సర్ కూసుంటది. కాలినంక ఆక్సిజన్ మిగిలితే 0.1 వోల్టు కాడ ఉంటది, అంటే గాలి ఎక్కువ. మిగలకపోతే 0.9 కాడికి పోతది, అంటే పెట్రోలు ఎక్కువ. కంప్యూటర్ దాన్ని చూసి తగ్గిస్తది, పెంచుతది, మళ్లీ తగ్గిస్తది. నిమిషానికి ఎన్నోసార్లు. నేను పిన్ను నెట్టి విన్నదే అది చేస్తది. కాకపోతే అది అలిసిపోదు, దానికి తలకాయ నొయ్యదు. 1989 నియమాల ప్రకారం కారు ఐడ్లింగుల 3 శాతం దాంక కార్బన్ మోనాక్సైడ్ ఇడవొచ్చు. బి.ఎస్.-4 ఇంజెక్షన్ కార్లకు ఆ హద్దు 0.3 శాతం. పదింట్ల ఒకటో వంతు. మా ఒంటిమీద భారాన్ని సెన్సర్ తీసుకుంటే నేనెందుకు ఏడవాలె?

అంబేద్కర్ ఈ సంగతి ఎప్పుడో చెప్పిండు. గాంధీ, కాంగ్రెస్ అంటరానివాళ్లకు ఏం చేసిన్రో చెప్తూ 1945ల ఒక పుస్తకం వేసిండు. అందుల యంత్రాన్ని తిట్టేటోళ్లతోని ఆయన కలవలె. తప్పు యంత్రంల లేదు, యంత్రం ఇచ్చే లాభాన్ని కొందరే దక్కించుకునే సమాజంల ఉందన్నడు. యంత్రం మనిషికి తీరుబాటు ఇయ్యాలె అన్నడు. నాకు షెడ్డుల ఈ మాట అక్షరం అక్షరం కనబడ్డది.

ఇంజెక్షన్ బండ్లు వనపర్తికి వచ్చిన కొత్తల బానెట్ లేపితే తిప్పడానికి స్క్రూ లేదు. షెడ్లన్నీ గుబులు పడ్డయి. బండి ఏమంటుందో వినాలంటే స్కానర్ కావాలె. స్కానర్ కొనాలంటే పైసలు కావాలె. కొన్న స్కానర్ కూడ ఇంగ్లీషుల మాట్లాడుతది. కంపెనీ ట్రైనింగుకు పోవాల్నంటే డిప్లొమానో ఐ.టి.ఐ.నో ఉండాలె. మా చెవి అక్కడ సర్టిఫికెట్ కాదు. ఇంజనుకు కులం లేదని అంటరు. నిజమే, లేదు. స్కానర్ పెట్టె తాళంచెవికి ఉంది. ఎవని తాత కాలం నుంచి ఇంట్ల పుస్తకం ఉందో, పైసలున్నయో వాడే ముందు తెరిచిండు.

వనపర్తి రాజుల ప్యాలెస్‌ల సర్కారు పాలిటెక్నిక్ నడుస్తది. మా తాతలు చెప్పులు చేతుల పట్టుకోని నడిచిన గోడల లోపటికి మా అన్న కొడుకు రిజర్వేషన్ సీటుతోని పోయిండు. మెకానికల్ డిప్లొమా చేసిండు. సెలవులకు వచ్చి షెడ్డుల కూసునేటోడు. వాడు నాకు సెన్సర్ గ్రాఫులు చదువుడు నేర్పిండు, నేను వానికి ప్లగ్గులు చదువుడు నేర్పిన. ఎవరు ఎవరికి గురువో తేల్చలేదు. తేల్చే పని లేకుండె.

కొన్నేండ్ల కింద నాగర్‌కర్నూలుల ఒక చిన్న కారు వచ్చింది. మైలేజి పడిపోయింది, చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. పట్నంల ఒక షోరూంల చూపిస్తే ఆక్సిజన్ సెన్సర్ మార్చాలె అన్నరంట. వేల రూపాయల మాట. మేం స్కానర్ పెట్టి చూసినం. కోడు పి-0171. అంటే మిక్చర్ల గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని. కంప్యూటర్ ఐడ్లింగుల 22 శాతం పెట్రోలు అదనంగ పోస్తుంది. రేసు ఇస్తే ఆ అదనం తగ్గుతుంది. నేను ప్లగ్గు ఇప్పిన. మసి పట్టి నల్లగ ఉంది. సైలెన్సర్ కాడ కండ్లు మండుతున్నయి. కంప్యూటర్ బక్కోడు అంటుంది, ప్లగ్గు ఉన్నోడు అంటుంది. ఇద్దరిల ఒకరు అబద్ధం వింటున్నరు.

మా పిలగాడు ఆలోచన చేసిండు. సెన్సర్ చూసేది ఆక్సిజన్‌నే. ఆ ఆక్సిజన్ ఇంజన్ల నుంచే వచ్చిందని ఏం నమ్మకం? పొద్దుగాల ఇంజను సల్లగున్నప్పుడు స్టార్ట్ చేసి విన్నం. టిక్ టిక్ అని సన్నని సప్పుడు. సెన్సర్ కంటే ముందున్న అతుకు కాడ గాస్కెట్ చినిగింది, పక్కన మసి మరక. పొగ బయటికి కొట్టేటప్పుడు నడుమ నడుమ బయటి గాలిని లోపటికి గుంజుకుంటది. ఆ గాలి సెన్సర్‌కు తగులుతది. సెన్సర్ "ఆక్సిజన్ మిగిలింది" అంటది. కంప్యూటర్ నమ్మి పెట్రోలు పోస్తది. రేసు ఇచ్చినప్పుడు పొగ జోరుకు బయటి గాలి తక్కువ కలుస్తది, అందుకే అదనం తగ్గింది. గాస్కెట్ మార్చినం. కొన్ని వందలతో పని అయిపోయింది. సెన్సర్ మంచిగనే ఉండె.

ఇందుల నా గొప్ప చెప్పుకోను. స్కానర్ లేకుంటే 22 శాతం అని నాకు తెలువదు. ప్లగ్గు చదువుడు రాకుంటే ఆ 22 శాతం ఎందుకో పిలగానికి తెలువదు. కార్బురేటర్‌కైన, ఇంజెక్షన్‌కైన ప్రశ్న ఒక్కటే – గాలి పాలెంత, పెట్రోలు పాలెంత. స్క్రూ పోయింది గాని ప్రశ్న పోలేదు. ప్రశ్న తెలిసినోడు ఏ యంత్రం ముందలైన కూసుంటడు. కాని పుస్తకం వాని చేతికి రావాలె గద.

2020 ఏప్రిల్ 1న బి.ఎస్.-6 వచ్చినంక కొత్త మోటార్ సైకిళ్లల్ల కూడ ఎక్కువ వాటికి ఇంజెక్షనే. మండలాలల్ల రోడ్డు పక్కన చెట్టు కింద డబ్బా పెట్టుకోని బండ్లు బాగ చేసే మన పోరగాండ్లు ఎందరో. కార్బురేటర్ కడుగుడు మీద బతికినోళ్లు. వాళ్లకు ఎవరు నేర్పుతరు? 2021ల మొదలైన దళితబంధుల ఇంటికి 10 లక్షలు ఇచ్చిన్రు. చాలామంది కార్లు, ట్రాక్టర్లు, సరుకు బండ్లు కొన్నరు. మనోడు స్టీరింగ్ పట్టుకుంటే నాకూ సంబురమే. కాని బండి చెడిపోతే మళ్లీ వేరేటోని షెడ్డుకే పోయిండు. బండితోని పాటు బండి విద్య ఇయ్యలె. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఎస్సీల వర్గీకరణకు తొవ్వ తెరిచింది, 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణల అది అమలుకు వచ్చింది. సీటుల పాలెంతో తేలింది. సీటుల కూసున్నంక ఏ భాషల చెప్తరు, ఏ యంత్రం చేతికిస్తరు అన్నది ఇంకా అడగాల్సే ఉంది.

కులం అంటే పని పంచుకునుడు కాదు, పని చేసెటోళ్లను పంచుడు అని అంబేద్కర్ 1936లనే రాసిండు. షెడ్డుల ఆ పంపకం ఇట్ల జరుగుతది. తలకాయ పని ఏ.సి. గదిల కూసున్నోనికి, చేతి పని బానెట్ కింద వంగినోనికి. కార్బురేటర్ కాలంల ఈ రెండు పనులు మా ఒక్క ఒంట్లనే ఉండె, అందుకే దాన్ని విద్య అననియ్యలె. ఇంజెక్షన్ కాలంల రెండింటిని విడదీసి, తలకాయ పనిని పెట్టెల పెట్టి తాళమేస్తున్నరు.

అందుకే ఉద్యమంల ఉన్నోళ్లకు నా మాట. సభలల్ల భూమి అడుగుతున్నరు, ఉద్యోగం అడుగుతున్నరు, అడగాలె. వాటి పక్కన ఇవి కూడ రాసుకోండ్రి. ఐ.టి.ఐ.లల్ల ఇంజెక్షన్ పాఠం తెలుగుల కావాలె. మండలానికి ఒక కాడ పది షెడ్లు కలిసి వాడుకునే స్కానర్ ఎస్సీ కార్పొరేషన్ పైసలతో కావాలె. ఇరవై ఏండ్లు పానా పట్టినోనికి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇయ్యాలె, ఆ పరీక్ష నోటితోని చెప్పేటట్టు ఉండాలె. సదువుకునే తమ్ముళ్లు, చెల్లెండ్లు సెలవులల్ల ఊరికి వచ్చినప్పుడు ఆ చెట్టు కింది డబ్బా కాడ ఒక గంట కూసోండ్రి. మీ పుస్తకంల మాట వానికి చెప్పుండ్రి, వాని చెవిల మాట మీరు రాసుకోండ్రి.

నా షెడ్డుల ఇప్పుడు నలుగురు పోరగాండ్లు, ఒక ఆడపిల్ల పని నేర్చుకుంటున్నరు. ఐదుగురూ స్కానర్ పడుతరు, ఐదుగురూ ప్లగ్గు చదువుతరు. సీటు మీద సంచి పరిచే బండి వస్తే వాళ్లు ముట్టరు. నేను చెప్పలె. వాళ్లే నిర్ణయం చేసుకున్నరు.